మేడ మీద ఏం ఎండబెట్టేవారు

ఇల్లు కొని, బాగుచేయించి అద్దెకిద్దామనుకునేవాళ్ళు ఎవరైనా వచ్చి సలహా అడిగితే, ముందు ఆ ఇంటి మేడ మీద ఏం ఎండబెట్టేవారో కనుక్కోండమ్మా అంటాను. చాలామంది నవ్వుతారు. వడియాలా, ఒరుగులా అని వేళాకోళం చేస్తారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఆ మాట అంటున్నప్పుడే పచ్చచారల ప్లాస్టిక్ చాప ఒకటి కళ్ళముందుకొస్తుంది. దాని మీద, పసివాడి తల ఉండాల్సిన చోట, చేటంత కాంక్రీటు పెచ్చు. ఇప్పటికీ ఆ దృశ్యం నా కళ్ళముందు నుంచి పక్కకి జరగదు.

ఆ ఇల్లు ఎంచింది నేనే. అది ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. తగరపువలస అవతల పల్లె మాది. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి రెండు గెడ్డలు, అంటే వాగులు, దాటి వెళ్ళాలి. మా నాన్న పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పేవారు. ఇంట్లో పుస్తకాలంటే స్తోత్రాలవి రెండో మూడో, ఆపైన ఇనప్పెట్టెలో భూమి దస్తావేజులు. అవే నా వాచకాలు. పదేళ్ళకే ‘తూర్పున గెడ్డ, దక్షిణాన ఫలానావారి జిరాయితీ మెట్టు’ అని ఊగుతూ చదివేదాన్ని. దేవుడి శ్లోకం ఎంత నమ్మకంతో చదివానో దస్తావేజూ అంత నమ్మకంతోనే చదివాను. కాగితంలో ఉన్నది ఉంది, లేనిది లేదు అనుకునేదాన్ని.

పెళ్ళప్పుడు నాన్న పసుపుకుంకుమల కింద నాకు కాస్త మెట్టు, వాన మీద పండే నేల, రాసిచ్చారు. దాని పక్కనుంచి రోడ్డు పడి మంచి ధర పలికింది. మా వారు ఉక్కు కర్మాగారంలో పనిచేస్తారు, ఊసలు తీసే మిల్లులో. కూర్మన్నపాలెంలో మాకు రెండు గదుల సొంతిల్లు ఉంది. ఆయన రిటైరయ్యాక నెలకి ఇంతని అద్దె వస్తే ఒకరి దగ్గర చెయ్యి చాపక్కర్లేదని, ఆ మెట్టు అమ్మి ఒక ఇల్లు కొనాలనుకున్నాం. మట్టి అమ్మితే మట్టే కొనాలి, లేకపోతే నిలవదని మా వైపు నానుడి. అప్పన్నస్వామికి దణ్ణం పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాం.

పాతపట్నంలో ఫిషింగ్ హార్బరుకి దిగే సందులో ఒక డాబా ఉందని బ్రోకరు చెప్పాడు. అమ్మేవాళ్ళు చేపల వ్యాపారం చేసేవారట. పిల్లల చదువులకని ఊరి అవతలికి మారిపోయారట. మేము వర్జ్యం తప్పించి, రాహుకాలం తప్పించి, పదకొండు గంటలకి వెళ్ళాం. ఆ వేళకి హార్బరులో వేలంపాటలు ఎప్పుడో అయిపోతాయి, సందంతా కడిగేసి ఉంటుంది. ఇల్లు కొనేవాళ్ళు ఒక్క వేళలోనే చూడకూడదు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి, వీలైతే వాన పడుతుండగా ఒకసారి వెళ్ళాలి. నేను పంచాంగం చూశాను గానీ మబ్బు చూడలేదు.

తలుపు తియ్యగానే నా చూపు పైకి పోయింది. హాల్లో పైకప్పంతా తెల్లటి ఫాల్స్ సీలింగు. దాని అంచుల్లో దాచిన దీపాలు. బ్రోకరు స్విచ్చి వెయ్యగానే గోడల మీద వెన్నెల పరుచుకున్నట్టు వెలుగు. పూజ గూడుకి కూడా చిన్న దీపం పెట్టించారు. నేను ఆ దీపానికే పడిపోయాను.

మా వారి చూపు మాత్రం ఇనుము మీదే. కిటికీ గ్రిల్లులు పట్టుకుని ఊపారు. గేటు చూశారు, గడియలు చూశారు. ఎక్కడా తుప్పు లేదు.

“సముద్రం పక్కన ఇనుము ఇంత శుభ్రంగా ఉందంటే గట్టి ఇల్లే” అన్నారు.

“అన్నీ కొత్తవేనండీ బాబూ! గ్రిల్లు కొత్తది, గేటు కొత్తది, మేడ మీద టైల్సు కూడా కొత్తవే” అన్నాడు బ్రోకరు హుషారుగా.

మేము సంతోషించాం. పాత ఇంట్లో అన్నీ ఒక్కసారిగా కొత్తవయ్యాయంటే, పాతవి ఏమయ్యాయి, ఎందుకు మార్చారు అని అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ముప్ఫయ్యేళ్ళు ఇనుముతో బతికిన మనిషికీ తట్టలేదు.

బయటికి వచ్చేసరికి పక్కింటి గుమ్మంలో ఒకావిడ వల బాగుచేసుకుంటోంది. కాలి బొటనవేలికి వల తగిలించి, చేత్తో ముళ్ళు వేస్తూ తలెత్తింది.

“ఏటమ్మా, ఇల్లు సూడ్డానికొచ్చినారేటి?”

మా వైపు ఇల్లు బేరమాడుతున్నప్పుడు, సంబంధం చూస్తున్నప్పుడు బయటికి చెప్పరు. నలుగురి నోట పడితే దిష్టి, పని చెడుతుందని నమ్మకం. రిజిస్ట్రేషను అయ్యేదాకా సొంత తోడికోడలికి కూడా చెప్పకుండా దాచినదాన్ని నేను.

“నేదమ్మా, సుట్టాలింటికొచ్చినాం. సందు తప్పినాం” అన్నాను.

ఆవిడ నన్నూ, నా వెనక తాళం వేస్తున్న బ్రోకరునీ చూసింది. “అలగా” అని మళ్ళీ వల మీదకి వంగింది.

కాగితాలు నేనే చదివాను. లింకు దస్తావేజులు, ముప్ఫయ్యేళ్ళ అమ్మకాలూ తాకట్లూ చూపే ఈసీ, ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లు, అన్నిట్లో పేరు ఒకటేనా, డోరు నంబరు ఒకటేనా అని వేలు పెట్టి చదివాను. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు రాసే ఆయన “ఏం చదువుకున్నారమ్మా?” అని అడిగితే, “మా నాన్న దగ్గర” అన్నాను గర్వంగా. నాలుగు వైపుల హద్దులూ సరిపోయాయి. పైన ఉన్నది ఏ దస్తావేజులోనూ రాయరు.

ఆ తర్వాత బాగుచేయించే పని. దాని గురించి చాలా చెప్పగలను. స్నానాల గది వాలు మీ కళ్ళముందు బకెట్టు నీళ్ళు పోసి చూసుకోవాలి. వంటగట్టు మీ ఎత్తుకి కాకుండా సగటు ఆడమనిషి ఎత్తుకి కట్టించాలి, వండేది మీరు కారు. రంగు వేయించే ముందు ఒక వాన పోనివ్వాలి. వాన ముందు వేసిన రంగు గోడ జబ్బుని దాస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు, నాన్న కట్టించిన పాకలు చూసి పెరిగినదాన్ని. తెలిసీ రంగు ముందే వేయించాను, మంచిరోజు దాటిపోతుందని.

తొలి వాన పడ్డాక తలుపు తీస్తే హాల్లో ఉప్పుచేప వాసన కొట్టింది. ఘాటుగా, ఎండుచేపల గోనెసంచి విప్పినట్టు. “హార్బరు పక్కనే కదా, వాసన రాకేం చేస్తుంది” అని ఊదొత్తులు వెలిగించి కిటికీలు తీశాను. సముద్రం గాలి వచ్చేది కిటికీలోంచి, ఆ వాసన వస్తున్నది పైనుంచి. నిలబడి ఒక్క నిమిషం ముక్కు పైకెత్తి ఉంటే తెలిసేది.

అద్దెకి వచ్చినవాళ్ళు పాతపట్నం వాళ్ళే. ఆయన దర్జీ, బజారులో చిన్న కొట్టు. ఆవిడ నాకంటే కాస్త పెద్దది. వాళ్ళ వాళ్ళందరూ ఆపా, అంటే అక్క, అంటుంటే నేనూ అలాగే పిలిచేదాన్ని. కూతురు ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది, ఉన్న ఇల్లు ఇరుకని మారుతున్నారు. ఆపా ఇల్లంతా తిరిగి, ప్రతి కుళాయీ తిప్పి, వంటింట్లో చేతులు చాచి చూసింది.

“ఇల్లు బాగుంది సెల్లెమ్మా. వంటిల్లే, ఇద్దరం నిలబడితే మోచేతులు తగుల్తాయి. పోన్లే, అత్తాకోడళ్ళమేటి, తల్లీకూతుళ్ళమే కదా, కొట్టుకోం.”

నాకు ఆవిడ వెంటనే నచ్చింది. నెల మొదటివారంలో అద్దె తెచ్చినప్పుడల్లా ఏదో ఒక గుడ్డముక్కతో కుట్టిన సంచీ తెచ్చేది. మనవడు పుట్టాడు. నేను వెళ్ళి చూసి, ఇలాంటి మనుషుల్ని నా ఇంటికి పంపినందుకు ఇంటికి వచ్చి దీపం దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

బిడ్డకి నలభయ్యో రోజు దగ్గరపడుతుండగా ఆపా ఫోను చేసింది.

“సెల్లెమ్మా, నలభయ్యో రోజున గుంటడికి ఊయల కడతాం. స్టాండు ఊయల మా ఆయన ఒల్లనంటన్నాడు, పై నుంచి ఏలాడాలట. నీ సీలింగుకి కొక్కెమే నేదు. ఒక కన్నం పెట్టనిత్తావా?”

ఊయల కొక్కేనికి అడిగితే కాదనే ఇల్లుగలావిడ ఎక్కడైనా ఉంటుందా? నేనే మా ఊరి తాపీ మేస్త్రిని పిలిపించాను. నాకు వరసకి తమ్ముడు. మా వారికి ఆ రోజు సెలవు. ముగ్గురం పొద్దున్నే వెళ్ళాం. హాల్లో చాప మీద పసివాడు పడుకుని ఉన్నాడు, పిడికిళ్ళు బిగించి, నోరు కదుపుతూ. పక్కన తల్లి బట్టలు మడతపెడుతోంది.

మేస్త్రి నిచ్చెన వేస్తూ, “దుమ్ము పడతాది, గుంటణ్ణి లోపలికి ఒట్టుకెళ్ళమ్మా” అన్నాడు.

ఆ అమ్మాయి బిడ్డని ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. దుమ్ము పడుతుందని, అంతే. అంతకుమించి ఆ గదిలో ఎవరి మనసులోనూ ఏమీ లేదు.

మేస్త్రి సీలింగు అట్టని నలుచదరంగా కోశాడు. ముక్క ఊడిరాగానే దాని వెనక దాగినదంతా జారింది. గుప్పెడు ఎర్రటి పొడి, చిన్నచిన్న రాళ్ళు. వాసన. నేను ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకున్నాను. మేస్త్రి కన్నంలో తల పెట్టి, సెల్‌ఫోను లైటు వేసి చూశాడు. లైటు అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

“ఏట్రా?” అన్నారు మా వారు.

“బావా, ఓసారి పైకి రా.”

“కొక్కేనికి చోటుందా నేదా చెప్పు.”

“రా బావా. నాను సెప్తే నమ్మవు.”

మా వారు రెండో నిచ్చెన ఎక్కారు. మేస్త్రి సుత్తి పిడితో స్లాబుని ఒక్కసారి తట్టాడు. గట్టిగా కూడా కాదు, తలుపు కొట్టినట్టు. లోపల ఏదో దొర్లిన చప్పుడైంది. కన్నం దగ్గర కాదు, దానికి గజం అవతల, తెల్లటి సీలింగు చీల్చుకుని పెచ్చు కిందపడింది. దాచిన దీపాలు తీగలతో సహా వేలాడాయి. దుమ్ము తెర లేచింది.

దుమ్ము తగ్గాక చూస్తే, పెచ్చు చాప మీద ఉంది. పసివాడి తలగడ, ఆవాలు పోసి కుట్టిన చిన్న తలగడ, దాని కింద నలిగి పగిలిపోయింది. ఆవాలు గచ్చంతా దొర్లుతున్నాయి.

లోపలి గదిలో పసివాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆ ఏడుపు విని నేను గచ్చు మీద కూలబడ్డాను. ఆ ఏడుపు వినిపించినందుకు, ఇంకేమీ వినిపించనందుకు.

పైన స్లాబు కడుపు తెరుచుకుని ఉంది. ఊసలు ఉండాల్సిన చోట పొరలు పొరలుగా విచ్చుకున్న నల్లటివి ఏవో వేలాడుతున్నాయి. మేస్త్రి ఒకదాన్ని వేళ్ళతో నలిపాడు. చేతిలో పొడైంది.

“ఇది సువ్వ కాదు బావా. అప్పడం.”

మా వారు ఆ పొడి అరచేతిలో వేసుకుని చూస్తూ నిచ్చెన మీదే ఉండిపోయారు. ఆయన ఎర్రగా కాలే ఊసల్ని రోజూ చూసిన మనిషి. ఊస వంగుతుందని తెలుసు, తెగుతుందని తెలుసు. ఇలా పిండి అవుతుందని కళ్ళతో చూస్తున్నా ఒప్పుకోలేకపోయారు.

“ఇనుము ఇలాగెలా అవుతాదిరా?”

“నీరొక్కటే అయితే ఇలగవదు. ఉప్పు తినీసింది.”

చప్పుడుకి వంటింట్లోంచి వచ్చిన ఆపా తలుపు పట్టుకుని నిలబడింది. ముఖంలో రక్తం లేదు. చాప వైపు చూసి, నా వైపు చూసింది.

“నీకు తెలుసా?”

“తెలీదు ఆపా.”

“దేవుడి మీద ఒట్టేసి సెప్పు. ఇంత అందంగా మూయించినావు, తెలీదా?”

“మూయించింది నేను కాదు. నాకు తెలీదు” అన్నాను. ఒట్టు వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అబద్ధం కాదు. అయినా తీసుకున్నాను.

ఎందుకో ఆ మరుక్షణమే తెలిసింది. చప్పుడు విని పక్కింటావిడ వచ్చింది, చేతిలో వల అల్లే కదురుతోనే. గుమ్మంలో నిలబడి పైకి చూసి, చెంపలు వాయించుకుంది.

“ఓలమ్మ! అనుకున్నాను. ఇరవయ్యేళ్ళు ఎండగట్టీసినారమ్మా మేడ మీద. ఉప్పు బస్తాలు పైకెక్కించడం, సేపలకి పట్టించడం, ఆ నీరంతా స్లాబు తాగడం. గ్రిల్లులు కూడా రాలిపోనాయి, అమ్మీముందు ఆ ఇంటోడు మార్పించినాడు. పైన టైల్సు ఏయించి, కింద అట్ట ఏయించి…” అంటూ నన్ను చూసి ఆగింది. “నువ్వేనా? ఆ దినం నాను అడిగినాను కదమ్మా, ఇల్లు సూడ్డానికొచ్చినారేటి అని. సుట్టాలింటికొచ్చినామన్నావు.”

నేను తలొంచుకున్నాను.

“అవునంటే సెప్పీదాన్ని. నాకేటి, ఆడేమైనా సుట్టమా? సెప్పీదాన్నే.”

దిష్టి తగులుతుందని దాచిన ఆ ఒక్క మాట. నేను నిజం చెప్పి ఉంటే, మూడు నిమిషాల్లో ఆ గుమ్మం దగ్గరే బేరం ముగిసిపోయేది. ముప్ఫయ్యేళ్ళ ఈసీలో లేనిది వల అల్లుకుంటున్న ఆవిడ నోట్లో ఉంది. పెచ్చు పడినప్పటికంటే ఆ మాటకే నేను ఎక్కువ భయపడ్డాను.

ఆపావాళ్ళు గంటలో సామాను కట్టుకుని ఆవిడ తమ్ముడింటికి వెళ్ళిపోయారు. కుట్టు మిషను ఆటోలో పట్టలేదు, తర్వాత తీసుకెళ్తామన్నారు. అడ్వాన్సు అక్కడే ఇచ్చేశాం. నేను పసివాడి పాదం తాకబోతే కూతురు బిడ్డని అవతలి భుజం మీదకి మార్చుకుంది. ఆమెని తప్పుపట్టను. నేనైనా అదే చేసేదాన్ని.

బ్రోకరుకి ఫోను చేస్తే సాయంత్రం మా ఇంటికే వచ్చాడు. కాఫీ తాగుతూ ఎంత మామూలుగా మాట్లాడాడో, అది విని ఇంకొకసారి నివ్వెరపోయాను.

“ఉన్నదున్నట్టు కొన్నామని సంతకాలెట్టినారు కదండీ. కోర్టుకెళ్తే మీ మనవల కాలానికి తేల్తాది. నా మాటినండి. మేస్త్రి సేత సిమెంటు కొట్టించండి, పైన మళ్ళీ అట్ట మూసీండి, ఇంకా మంచి లైట్లెట్టండి. ఆరు నెలల్లో నేనే ఇంకో పార్టీకి అమ్మిపెడతాను. మీకు సేసినట్టే మీరూ సేత్తే సరిపోద్ది.”

మా వారు వెంటనే కాదనలేదు. అది కూడా చెప్పాలి. ఆయన చెడ్డవారు కారు, అలిసిపోయి ఉన్నారు. జేబులోంచి తుప్పు పొడి మూటగట్టిన రుమాలు తీసి బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నారు. బ్రోకరు వెళ్ళాక, “మెట్టంతా అందులోనే ఉంది” అన్నారు. ‘నీ మెట్టు’ అని వేరుచేసి అనలేదు. అందుకు నేను ఆయనకి రుణపడి ఉంటాను.

నేను దేవుడి ముందుకి వెళ్ళాను. ఏం అడగాలో తోచలేదు. ఇల్లు నిలబెట్టమనాలా? అది నిలబడకూడని ఇల్లు. డబ్బు తిరిగి ఇప్పించమనాలా? ఆ పైకప్పుని ఇంకొకరి నెత్తిన పెడితే గానీ ఆ డబ్బు రాదు. చివరికి దుమ్ముకి దణ్ణం పెట్టాను. దుమ్ము పడుతుందని బిడ్డని లోపలికి తీయించినందుకు. ఇవతలికి వచ్చి, “స్లాబు తీయించేద్దాం. మొత్తం” అన్నాను.

ఆయన రుమాలు మూట ముడి బిగించి, “రేపే మేస్త్రిని పిలు” అన్నారు.

ఇంజనీరు వచ్చి చూసి అదే మాట చెప్పాడు. గోడలు పనికొస్తాయి, పైకప్పు అతుకు పెట్టే స్థితిలో లేదు. కొత్తగా కొనేవాళ్ళకి ఇక్కడ ఇంకో మాట చెబుతాను. కొనేముందు ఇంజనీరుకి ఇచ్చే ఫీజు మనకి బరువనిపిస్తుంది. బ్రోకరు కమిషను బరువనిపించదు. నాకు అలాగే అనిపించింది.

స్లాబు పడగొట్టడానికి మూడు రోజులు పడుతుందనుకున్నాం. మధ్యాహ్నం అన్నాలవేళకి అయిపోయింది. గునపం దిగిన చోటల్లా తడి ఇసక కోటలా విడిపోయింది. కూలీలు కూడా పని ఆపి ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. “దీని కింద మనుషులున్నారేటి?” అని ఒకామె అడిగింది. ఉన్నారన్నాను. ఆమె గబగబా సిలువ గుర్తు వేసుకుంది. హాల్లో నిలబడి తలెత్తితే ఆకాశం, ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం, గద్దలు. నాకు ఆకాశం చూస్తే భయం తగ్గింది. అది పడదు కదా.

కొత్త స్లాబుకి ఊసలు మా వారు చూసుకున్నారు. నీళ్ళు నేను చూసుకున్నాను. ఆ సందులో బోరు వేస్తే ఉప్పునీరే. సిమెంటులో ఆ నీరు కలిపితే మళ్ళీ మొదటికే వస్తుందని మేస్త్రి ముందే హెచ్చరించాడు. మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించాం. ట్యాంకరువాడు దారిలో ఎక్కడైనా బోరునీళ్ళు నింపుకొస్తాడేమోనని నాకు అనుమానం. మనిషి మాట మీద నమ్మకం పోయింది, ముఖ్యంగా నా మాట మీద. అందుకని కూర్మన్నపాలెం నుంచి మొదటి బస్సుకి వచ్చేసేదాన్ని. ట్యాంకరు రాగానే గొట్టం కింద దోసిలి పట్టి, నాలిక మీద వేసుకుని, చప్పగా ఉందంటేనే వదలనిచ్చేదాన్ని. ఒక ట్యాంకరు వెనక్కి పంపాను. వాడు తిట్టుకుంటూ వెళ్ళాడు. స్లాబు వేశాక తడిపే నీళ్ళు కూడా అంతే, రోజూ రుచి చూసి పోయించాను.

పక్కింటావిడ వల ఒళ్ళో వేసుకుని ఇదంతా చూసేది.

“నీళ్ళా, పాయసమా అమ్మా, అంతలా సప్పరిత్తన్నావు?”

“ఉప్పుందేమోనని.”

“నువ్వు కొన్నప్పుడు సూడాల్సింది ఇప్పుడు సూత్తన్నావు” అంది. నిజమే కదా. కోపం రాలేదు. ఆ తర్వాత ఇద్దరం టీ తాగడం అలవాటైంది. ఆ సందులో ఏ ఇంటి గోడ ఎప్పుడు చెమ్మగిల్లిందో, ఏ ఇంటి సెప్టిక్ ట్యాంకు ఎవరి బావి కిందకి వస్తుందో, అన్నీ చెప్పింది. అడిగితే చాలు, చెబుతుంది. ఇన్నాళ్ళూ మంచి జరగాలంటే నోరు మూసుకోవాలనుకున్నదాన్ని, ఆ గుమ్మంలో కూర్చుని కొత్తగా చదువుకున్నాను.

ఆపా తమ్ముడింట్లోనే ఊయల వేడుక జరిగిందని విన్నాను. నన్ను పిలవలేదు. రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు. ఇల్లు అద్దెకి అడగడానికి వేరేవాళ్ళు వచ్చారు. వాళ్ళకి జరిగినదంతా మొదటినుంచీ చెప్పాను. సగంలోనే లేచి వెళ్ళిపోయారు. మా వారు విసుక్కోలేదు గానీ, “కాస్త కుదించి చెప్పవచ్చు” అన్నారు. కుదించడం నాకు చేతకాలేదు. ఎక్కడ కుదించినా అది మళ్ళీ సుట్టాలింటికొచ్చినామన్న మాటలాగే వినిపించింది.

తడుపు అయిపోయి, స్లాబు కింద నిలబెట్టిన కర్రలు విప్పించిన మర్నాడు ఆపా వచ్చింది. మిషను తీసుకెళ్ళడానికనుకున్నాను. ఎదురెళ్ళాను. ఆవిడ నన్ను దాటి నేరుగా పక్కింటి గుమ్మంలోకి వెళ్ళి కూర్చుంది. లోపల నేను కొత్త పైకప్పు కింద నిలబడి, వాళ్ళ మాటలు వింటూ చీపురు పట్టుకుని ఉండిపోయాను.

“నిజం సెప్పు పిన్నీ. ఇసక ఏటిదేనా, సముద్రానిదా?”

“ఏటిదే. లారీ నా గుమ్మంలోనే దించినారు, తిట్టినాను కూడా.”

“నీళ్ళు?”

“నీళ్ళా! ఆ పిచ్చితల్లి పెతి ట్యాంకరూ తాగి సూసింది. మజ్జిగలో ఉప్పు సరిపోయిందేటని సూసినట్టు. నాకు నవ్వాగలేదు.”

“పాత సువ్వలేమైనా ఉంచేసినారా?”

“ఒక్కటి నేదు. ఆలాయన లెక్కెట్టి మరీ పారేయించినాడు.”

ఇంకా ఏవేవో అడిగింది. ఎంతసేపు కలిపారు, ఎన్ని రోజులు తడిపారు, పైన ఏమైనా పరిచారా. నేను ఒక్కసారి కూడా బయటికి రాలేదు. నా గురించి నన్ను తప్ప అందరినీ అడిగే హక్కు ఆవిడకి ఉంది.

కాసేపటికి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఆపా లోపలికి వచ్చింది. నన్ను ఏమీ అడగలేదు. పైకి కూడా చూడలేదు. పడగొట్టినన్నాళ్ళూ బయట ఉంచి మళ్ళీ మూలకి చేర్చిన మిషను మీది గుడ్డ తీసి దులిపింది.

“దుమ్మెట్టీసినావు దీన్నిండా” అంది. “ఆయిలు డబ్బా ఉందా? సుక్రోరం మా సామాను మళ్ళీ ఇక్కడే దించుతాం.”

డబ్బా వెతకడానికి వంగాను. ఆవిడకి నా ముఖం కనిపించకుండా ఇటు తిరిగి, చాలాసేపు వెతికాను.